స్విచ్ 2 కొనాలా, పాత స్విచ్‌నే బాగుచేయించుకోవాలా?

పాఠకులొకరు పంపిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటారు. 2018లో కొన్న నింటెండో స్విచ్ (చేతిలో పట్టుకుని గానీ, టీవీకి కలిపి గానీ ఆడుకునే ఆటల యంత్రం) ఉంది. ఇప్పుడు ఛార్జింగ్ గంటన్నర కూడా నిలవడం లేదు. ఎడమ స్టిక్ మీద వేలు లేకపోయినా తెరమీద బొమ్మ తనంతట తానే నడుస్తోంది. నెలకు రెండుసార్లు విజయవాడకు రైల్లో వెళ్తారు, ఎక్కువగా ఆడేది అప్పుడే. తీరిక వేళల్లో ఆటల మీద రాస్తుంటారు కాబట్టి కొత్తవి ఆడాలనీ ఉంది. దాని తర్వాతి తరం స్విచ్ 2 కొనాలా, స్టీమ్ డెక్ లాంటి పీసీ హ్యాండ్‌హెల్డ్ (కంప్యూటర్ ఆటలు నడిపే చేతి యంత్రం) తీసుకోవాలా, పాతదాన్నే నెట్టుకురావాలా అని అడిగారు.

ముందు పాతదాన్ని బాగుచేయించండి. మీరు చెప్పిన రెండూ అరుగుదల జబ్బులే. బ్యాటరీ, స్టిక్ మారిస్తే పోతాయి, దానికయ్యే ఖర్చు కొత్తదాని ధరలో చిన్న భాగం. కొత్తది కొనడానికి నేను ఒప్పుకునే కారణం ఒక్కటే: మీరు తప్పక ఆడాలనుకునే ఆటలు కనీసం మూడు పాతదానిలో నడవనివి అయి ఉండాలి. కాగితం మీద ఆ పేర్లు రాయండి. మూడు పేర్లు వస్తే స్విచ్ 2 కొనండి. ఒకటి దగ్గరే కలం ఆగిపోతే ఇంకో ఏడాది ఆగండి.

ఆ జాబితా రాసేటప్పుడు ఒక సంగతి చూసుకోండి. "మారియో కార్ట్ వరల్డ్", "డాంకీ కాంగ్ బనాంజా" స్విచ్ 2లో మాత్రమే వస్తాయి. "పోకెమాన్ లెజెండ్స్ జెడ్-ఏ", "మెట్రాయిడ్ ప్రైమ్ 4" మాత్రం పాత స్విచ్‌లోనూ వచ్చాయి. కొత్త ఆట అనగానే కొత్త యంత్రం కావాలని లేదు.

బ్యాటరీ సంగతి

2018 నాటిది మొదటి మోడల్. కొత్తగా ఉన్నప్పుడే దానికి కంపెనీ చెప్పిన లెక్క ఆటను బట్టి రెండున్నర నుంచి ఆరున్నర గంటలు. జెల్డా "బ్రెత్ ఆఫ్ ద వైల్డ్" అయితే సుమారు మూడు గంటలు. 2019లో చిప్ మార్చి తెచ్చిన మోడల్‌లో అదే ఆట ఐదున్నర గంటలు నడుస్తుంది. బ్యాటరీ రెండింటిలోనూ ఒకటే, 4310 ఎంఏహెచ్. మీది ఏదో తెలియాలంటే వెనక కింది అంచున చూడండి. హెచ్ఏసీ-001 అని మాత్రమే ఉంటే మొదటిది, దాని పక్కన బ్రాకెట్లో (-01) ఉంటే తర్వాతది. కొత్త బ్యాటరీ వేసినా మీకు తిరిగి వచ్చేది ఆ మూడు గంటలే, ఐదున్నర రాదు. ఇది ముందే తెలిస్తే తర్వాత నిరాశపడరు.

800 సార్లు పూర్తిగా ఛార్జి చేశాక దాదాపు 80 శాతం సామర్థ్యం మిగులుతుందని కంపెనీ లెక్క. మీది అంతకంటే బాగా పడిపోయింది. ఒకసారి కొలిచి చూడండి: వంద శాతం ఛార్జి, వెలుతురు సగానికి, ఎయిర్‌ప్లేన్ మోడ్, ఎప్పుడూ ఆడే బరువైన ఆట. గడియారం చూసుకుని ఆగిపోయేదాకా నడపండి. రెండు గంటలు దాటకపోతే మార్చాల్సిందే. 30 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి ఆగిపోయినా అంతే.

వెనక మూత ఉబ్బినట్టు కనిపించినా, తెర అంచు పైకి లేచినా ఛార్జింగ్ అప్పుడే ఆపేయండి. అది బ్యాటరీ పొంగడం. నొక్కి సరిచేయడానికి గానీ, మొనదేలిన దేనితోనైనా లేపడానికి గానీ ప్రయత్నించకండి.

దుకాణంలో ఇచ్చినా పని ఎలా జరగాలో మీకు తెలిసి ఉంటే మంచిది. సొంతంగా చేసుకునే ఓపిక ఉంటే కావలసినవి: వై00 ట్రై-వింగ్ స్క్రూడ్రైవర్ (మూడు రెక్కల మొన ఉండేది), చిన్న ప్లస్ డ్రైవర్, ప్లాస్టిక్ పలకలు, పట్టకారు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, థర్మల్ పేస్టు.

ఛార్జి 25 శాతం కిందికి దించండి. నిద్రలో పెట్టడం కాదు, పవర్ బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకుని, వచ్చే మెనూలో ఆఫ్ ఎంచుకుని పూర్తిగా ఆపండి. మెమరీ కార్డు, ఆట కార్డు తీసేయండి. మెమరీ కార్డు మరిచిపోయి మూత లాగితే కార్డుతో పాటు దాని గూడూ పోతుంది, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. వెనక నాలుగు మూలల్లో మూడు రెక్కల స్క్రూలు ఉంటాయి. ఇవి కాక పై అంచున ఒకటి, కింద రెండు, జాయ్-కాన్ (రెండు పక్కల తగిలించే కంట్రోలర్లు) పట్టాల్లో చెరొకటి, స్టాండు కింద ఒకటి మామూలు ప్లస్ స్క్రూలు. ఈ స్టాండు కింద దాన్ని చూడకుండా మూతను బలవంతంగా లేపి విరగ్గొట్టుకున్నవాళ్లు చాలామంది. ప్రతి స్క్రూనూ తీసిన చోటు ప్రకారం కాగితం మీద టేపుతో అంటించుకోండి. పొడవులు వేరు, పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే పెంకు చిల్లు పడుతుంది.

మూత కింద లోహపు రేకు వస్తుంది. దానికీ రాగి గొట్టానికీ మధ్య గులాబీ రంగు జిగురులాంటి పదార్థం ఉంటుంది. అది వేడిని రేకుకు అందించే పేస్టు. తుడిచేసి వదిలేయకూడదు, అదే మందంలో మళ్లీ పెట్టాలి. దీన్ని వదిలేస్తే బ్యాటరీ కొత్తదైనా ఫ్యాను హోరెత్తుతూనే ఉంటుంది. రేకు తీశాక ఏది ముట్టుకునే ముందైనా బ్యాటరీ కనెక్టరును నిలువుగా పైకి లేపి విడదీయండి. బ్యాటరీ గట్టి జిగురుతో అంటుకుని ఉంటుంది. అంచుల వెంట ఆల్కహాల్ నాలుగు చుక్కలు వేసి రెండు నిమిషాలు ఆగి, ప్లాస్టిక్ పలకతో కొద్దికొద్దిగా లేపండి. ఇనుప పనిముట్టు వద్దే వద్దు. ఎలాగూ తెరిచారు కాబట్టి ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము కూడా మెత్తటి బ్రష్‌తో తీసేయండి. రెక్కలు కదలకుండా వేలితో పట్టుకోండి.

స్టిక్ తనంతట తాను కదలడం

ముందు ఖర్చులేని ప్రయత్నం: సెట్టింగ్స్‌లో కంట్రోలర్స్ విభాగంలోకి వెళ్లి స్టిక్ కాలిబ్రేషన్ (స్టిక్ నడిమి స్థానాన్ని సరిచేయడం) చేయండి. అప్పటికీ తగ్గకపోతే స్టిక్ చుట్టూ ఉన్న రబ్బరు గొడుగును పక్కకు జరిపి కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రానిక్ భాగాలను శుభ్రం చేసే స్ప్రే) ఒక్క చుక్క పడేలా కొట్టి, గుండ్రంగా ఇరవై సార్లు తిప్పి, ఆరనిచ్చి చూడండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే వాడకండి, అది దుమ్మును పట్టుకుని కూర్చుంటుంది.

క్లీనర్‌తో తగ్గినా కొన్ని వారాలే. లోపల కార్బన్ పూత మీద సన్నటి లోహపు నాలుక రాసుకుంటూ స్టిక్ ఎటు వంగిందో చెబుతుంది. ఆ పూత అరిగితే చెప్పేది తప్పు, దాన్ని శుభ్రం చేసినా పూత తిరిగిరాదు. కాబట్టి హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేయించండి. అందులో అయస్కాంతంతో కొలుస్తారు, ఏదీ దేనికీ రాసుకోదు. గులికిట్ లాంటి కంపెనీలవాళ్లు జాయ్-కాన్‌కు సరిపోయేవి అమ్ముతున్నారు. ఒకటి పోయింది కదా అని ఒకటే మార్చకండి, రెండూ ఒకే వయసువి. జాయ్-కాన్ తెరవడానికి నాలుగు మూడు రెక్కల స్క్రూలు. సగాలను పుస్తకంలా మెల్లగా విప్పాలి, లోపలి పట్టీ తీగలు పొట్టివి, చిరిగితే బటన్లు పోతాయి. బిగించాక కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి. చేయకపోతే కొత్త స్టిక్ కూడా పాడైనట్టే కనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో సంగతి. స్విచ్ 2తో వచ్చే జాయ్-కాన్ 2లో కూడా హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు లేవు. స్టిక్ బాధ తప్పించుకోవడానికే కొత్తది కొంటున్నట్టయితే ఆ కారణం నిలవదు.

స్విచ్ 2 కొనాలనే నిర్ణయించుకుంటే

మంచి యంత్రమే, అందులో సందేహం లేదు. 2025 జూన్ 5న వచ్చింది, అమెరికాలో విడుదల ధర 449.99 డాలర్లు. 7.9 అంగుళాల తెర, 1080పీ, 120 హెర్ట్జ్. లోపల 256 జీబీ నిల్వ. మీ పాత ఆట కార్డుల్లో అత్యధిక భాగం అందులోనూ నడుస్తాయి, కొన్ని పాత ఆటలు ఇంకా నున్నగా నడుస్తాయి. మీ రాతలకు బొమ్మలు తీసుకోవడానికి కూడా పాత 720పీ తెరతో పోలిస్తే బాగుంటుంది.

కానీ రైలు కోసం కొనేవారు చూడాల్సింది బ్యాటరీ. 5220 ఎంఏహెచ్, కంపెనీ లెక్క ప్రకారమే రెండు నుంచి ఆరున్నర గంటలు. అంటే బరువైన ఆట ఆడితే మీ పాత స్విచ్ కొత్తలో ఇచ్చినంత కూడా ఇవ్వకపోవచ్చు. జాయ్-కాన్లతో కలిపి 534 గ్రాములు, మీ పాతది దాదాపు 400. సీటు ముందున్న బల్ల మీద ఆనించుకుంటే ఫరవాలేదు, పై బెర్తులో పడుకుని ఎత్తి పట్టుకుంటే అరగంటకే మణికట్టు చెబుతుంది. వందే భారత్‌లో అయితే సీటు దగ్గర ప్లగ్గు ఉంటుంది కాబట్టి ఈ బెంగ సగం తీరుతుంది.

కొనేముందు లెక్కలో వేసుకోనివి, కొన్నాక బయటపడేవి ఇవి:

మెమరీ కార్డు. మీ దగ్గరున్న మైక్రోఎస్‌డీ కార్డు స్విచ్ 2లో ఆటలకు పనికిరాదు. దానిలోని స్క్రీన్‌షాట్లు, వీడియోలు కాపీ చేసుకోవడానికి మాత్రమే. ఆటలకు మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కావాలి. మామూలు కార్డు కంటే ఖరీదెక్కువ, ప్రతి దుకాణంలో దొరకదు. కార్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఈఎక్స్ గుర్తు చూసి తీసుకోండి. "అన్నిటికీ ఒకటే సార్" అనే మాట నమ్మకండి.

ఛార్జరు, డాక్ (యంత్రాన్ని టీవీకి కలిపే స్టాండు). పాత డాక్ దీనికి పనిచేయదు. టీవీకి కలపాలంటే డబ్బాలో వచ్చిన 60 వాట్ల అడాప్టరే పెట్టాలి. పాత అడాప్టర్ 39 వాట్లది, చేతిలో ఉన్నప్పుడు ఛార్జి చేస్తుంది గానీ టీవీ మీదికి బొమ్మ రాదు. ఇలా బొమ్మ రాక యంత్రమే పోయిందనుకుని తెచ్చేవాళ్లున్నారు. విదేశీ అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. మన గోడ సాకెట్టుకు సరిపోయే మార్పిడి ప్లగ్గు చాలు, కాకపోతే గట్టిగా పట్టేది కొనండి. వదులుగా ఉంటే నిప్పురవ్వలు వచ్చి అడాప్టర్ కాళ్లు నల్లబడతాయి.

పాత జాయ్-కాన్లు వైర్‌లెస్‌గా పనిచేస్తాయి, పక్కల తగిలించడం కుదరదు. అంటే వాటిని ఛార్జి చేయడానికి పాత స్విచ్చో, వేరే ఛార్జింగ్ స్టాండో ఉండాలి. పాతది అమ్మేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

గేమ్-కీ కార్డు. స్విచ్ 2 ఆటల్లో కొన్నింటి కార్డులో ఆట ఉండదు, దించుకోవడానికి అనుమతి మాత్రమే ఉంటుంది. డబ్బా ముందు కింది భాగంలో తాళంచెవి గుర్తు ఉంటుంది. ఆట మొత్తం ఇంటర్నెట్ మీద దించుకోవాలి, దానికి చోటూ కావాలి, ఆడేటప్పుడు కార్డూ పెట్టాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లకు ఇది పెద్ద ఇబ్బంది.

మన దేశంలో నింటెండో అధికారికంగా అమ్మదు. ద్వారకానగర్‌లో చూసినా, డాబాగార్డెన్స్‌లో చూసినా, ఆన్‌లైన్‌లో చూసినా దిగుమతి సరుకే. "ఏడాది వారంటీ" అని ఎవరైనా చెబితే అది ఆ దుకాణం వారంటీ. దుకాణం ముద్ర, సీరియల్ నంబరు, ఏది పాడైతే ఏం చేస్తారో బిల్లు మీదే రాయించుకోండి. ఈషాప్‌లో (నింటెండో ఆన్‌లైన్ దుకాణం) భారతదేశం అనే ప్రాంతం లేదు, మన బ్యాంకు కార్డులు తరచూ తిరస్కరణకు గురవుతాయి. వేరే దేశం ఖాతా పెట్టుకుని ఆ దేశపు గిఫ్ట్ కార్డులతో నడిపేవాళ్లే ఎక్కువ. అందుకే వీలున్నంత వరకు అసలు కార్డులే కొనండి. వాటికి ప్రాంతం అడ్డు లేదు, ఆడాక అమ్ముకోవచ్చు.

ధర అనుమానం వచ్చేంత తక్కువగా ఉంటే జపాన్‌లో మాత్రమే అమ్మే రకం కావచ్చు. దాని మెనూలు జపనీస్ భాషలోనే ఉంటాయి, జపాన్ ప్రాంతపు ఖాతాలే కలుస్తాయి, సెట్టింగ్స్‌లో మార్చలేరు. డబ్బివ్వకముందే ఆన్ చేయించి భాషల జాబితా చూడండి. సెకండ్‌హ్యాండ్‌ది అయితే వైఫై కలిపి ఈషాప్ తెరిపించండి. దొంగ ఆటలు నడిపిన యంత్రాలను కంపెనీ ఆన్‌లైన్ నుంచి శాశ్వతంగా తీసేస్తుంది. అలాంటిది మీ చేతికొస్తే అప్‌డేట్లు, కీ కార్డు ఆటలు అన్నీ చిక్కుల్లో పడతాయి.

పీసీ హ్యాండ్‌హెల్డ్ సంగతి

మీకిప్పటికే స్టీమ్‌లో (కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) ఆటల గుట్ట ఉంటే ఇది ఆలోచించదగ్గ దారి. ఆటలు రూపాయల్లో, యూపీఐతో కొనుక్కోవచ్చు. ఒక్క ఆట కూడా లేకపోతే మాత్రం నింటెండో కార్డులు వదిలి ఇటు రావడానికి బలమైన కారణం కనిపించదు. జెల్డా, మారియో ఇందులో దొరకవు.

వీటి బ్యాటరీని కొనేముందే లెక్కగట్టవచ్చు: వాట్-అవర్లను (బ్యాటరీలో పట్టే శక్తి) వాట్లతో (యంత్రం వాడే కరెంటు) భాగించండి. స్టీమ్ డెక్ ఓఎల్ఈడీది 50 వాట్-అవర్లు. చిప్‌కు గరిష్ఠంగా 15 వాట్లు, తెర, ఫ్యాను, మిగతావి కలిపి 20 నుంచి 25 అనుకోండి, బరువైన ఆటకు రెండు రెండున్నర గంటలు. చిన్న 2డీ ఆటకు మొత్తం 8 వాట్లు పడితే ఆరు గంటలు. 2023లో మన దేశంలో 69,990 రూపాయలకు వచ్చిన ఆసుస్ ఆర్ఓజీ ఆలైకి 40 వాట్-అవర్లే, పూర్తి వేగంలో గంటకు కొంచెం పైన. తర్వాత వచ్చిన ఆలై ఎక్స్‌కు 80, అందుకే అది రైలుకు నయం. లెనోవో లీజియన్ గో తెర పెద్దది, 8.8 అంగుళాలు, కానీ 854 గ్రాములు. ప్రయాణంలో చేతపట్టుకునే వస్తువు కాదది.

స్టీమ్ డెక్‌ను కూడా ఇక్కడ అధికారికంగా అమ్మరు. వారంటీ ముఖ్యమైతే ఆసుస్, లెనోవో, ఎంఎస్ఐ వైపు చూడండి, ఇక్కడి బిల్లుతో కొన్నవాటికే. స్టీమ్ డెక్ నడిచేది లినక్స్ మీద కట్టిన స్టీమ్ఓఎస్‌తో, కాబట్టి వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటి ఆన్‌లైన్ ఆటలు రావు. అవి కావాలంటే విండోస్ ఉన్నదే తీసుకోవాలి. అందులో మళ్లీ నిద్రలోంచి లేచినప్పుడు ఆట ఆగిపోయి ఉండటం, ప్రయాణం మధ్యలో అప్‌డేట్ మొదలవడం లాంటి చికాకులుంటాయి. స్విచ్‌ను బటన్ నొక్కగానే ఆపిన చోటే ఎత్తుకోవడం అలవాటైనవారికి ఈ తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది.

ఏది తీసుకున్నా పవర్ బ్యాంకు యూఎస్‌బీ పీడీ (ఎక్కువ వాట్లు ఇచ్చే ఛార్జింగ్ పద్ధతి) ఉన్నది కావాలి. స్టీమ్ డెక్‌కు 45 వాట్లు, మొదటి ఆలైకి 65 వాట్లు ఇచ్చేది. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, నష్టాలు పోను చేతికొచ్చేది 60 అటూ ఇటూ.

మన ఊరి గాలి

ఇది ఏ సమీక్షలోనూ కనిపించదు, కానీ ఎంవీపీ కాలనీ సముద్రానికి ఎంత దగ్గరో మీకు తెలుసు. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. యూఎస్‌బీ-సి రంధ్రంలో పల్చటి ఉప్పు తేమ పొర ఉండగా ఛార్జి పెడితే పిన్నుల మధ్య కరెంటు పాకి పచ్చగా చిలుము పడుతుంది. "ఒకవైపు పెడితేనే ఛార్జి ఎక్కుతోంది" అని వచ్చేవాటిలో లోపల కనిపించేది చాలావరకు ఇదే. ఆర్కే బీచ్‌లో, రుషికొండలో ఇసుక మీద కూర్చుని ఆడకండి. ఈ యంత్రాలన్నీ వెనకనుంచి గాలి పీల్చి పైనుంచి వదులుతాయి, ఆ గాలితో పాటే ఉప్పూ ఇసుకా లోపలికి పోతాయి.

ఏసీ గదిలోంచి నేరుగా బాల్కనీలోకి, ఏసీ బోగీలోంచి ప్లాట్‌ఫారం మీదికి తీసుకెళ్తే చల్లని లోహానికి చెమట పడుతుంది. అరగంట సంచిలోనే జిప్పు వేసి ఉంచండి, ఛార్జింగ్ అసలే వద్దు. ఇంట్లో గాలి చొరబడని డబ్బాలో 50 గ్రాముల సిలికా జెల్ వేసి దాచండి, రంగు మారితే పూసలు మార్చండి. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జితో ఉంచి, ఆరు నెలలకు ఒకసారైనా ఛార్జి చేయాలి.

స్విచ్‌కైనా, స్టీమ్ డెక్‌కైనా చుట్టూ ఉండాల్సిన వేడి 35 డిగ్రీలలోపు అని కంపెనీలు చెబుతాయి. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయిన గదిలో అది దాటిపోతుంది. అప్పుడు ఆట కుదుపులతో నడిస్తే అది యంత్రం తనను కాపాడుకోవడం. దిండు మీద, దుప్పటి మీద పెట్టి గాలిదారి మూసేయకండి. స్విచ్ 2లో ఛార్జింగ్‌ను 90 శాతం దగ్గర ఆపే ఏర్పాటు సెట్టింగ్స్‌లో ఉంది. ఎప్పుడూ డాక్‌లోనే ఉంచేవారు అది వేసుకోవాలి.

చివరిగా, కొత్తది కొని పాతది అమ్మేట్టయితే వరుస తప్పకండి. స్విచ్‌లో మీరు ఆడిన ఆటల సేవ్‌లు (ఎంతవరకు ఆడారో ఆ నమోదు) మెమరీ కార్డులో ఉండవు, యంత్రం లోపలే ఉంటాయి. కార్డు దాచుకున్నాను కదా అని యంత్రం అమ్మేసి వందల గంటల ఆట పోగొట్టుకున్నవారున్నారు. రెండు యంత్రాలనూ పక్కపక్కన ఛార్జింగ్‌లో పెట్టి, ఒకే ఖాతాతో, కొత్తదాన్ని మొదటిసారి ఆన్ చేసినప్పుడే డేటా బదిలీ చేయండి. కొత్తదానిలో ప్రతి ఆటా తెరిచి సేవ్ వచ్చిందో లేదో చూడండి. వారం ఆగండి. ఆ తర్వాతే పాతదానిలో ఖాతా తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మెమరీ కార్డు తీసుకుని ఇవ్వండి. కొత్త బ్యాటరీ, హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు వేసిన బిల్లు కూడా దానితో పాటే ఇస్తే కొనేవారు బేరం తక్కువ ఆడతారు.